ఎర్ర తీగ

నూట పన్నెండు. నూట పదమూడు. మీటరు మీద అంకె ఎక్కుతోంది. నిజంగానే ఎక్కుతోందా అని కళ్ళద్దాలు తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశాను. నూట పదహారు. ఎక్కుతూనే ఉంది, దిగడం లేదు, ఈసారి దిగదు, ఈసారి ఎర్ర తీగ ఉండాల్సిన చోటే ఉంది. మధ్యాహ్నం మూడు దాటింది. వెనక గది కిటికీలోంచి వచ్చిన ఎండ బల్ల సగం వరకూ పాకి ఆగింది. బల్ల మీద పొయ్యి. పొయ్యి అంటే మా ఆయన ఒప్పుకునేవారు కాదు, కొలిమి అనాలట, పొగ రాని కొలిమి, కరెంటు కొలిమి. నేను మొదటి రోజు నుంచీ పొయ్యి అనే అన్నాను, ఆయన మొదటి రోజు నుంచీ సరిదిద్దుతూనే ఉన్నారు. ఇప్పుడు ఎన్నిసార్లు పొయ్యి అన్నా ఎవరూ ఏమీ అనరు. ఆయన పోయి నాలుగు నెలలు. లోపల ఇటుకల మధ్య, చీకట్లో, ఆయన నా కోసం రాకి రాకి తయారు చేసిన కత్తి ఒక్కటే పడుకుని ఉంది. ఎనిమిది వందల డిగ్రీలు చేరాలి. చేరాక పది నిమిషాలు ఆగాలి. ఆగాక తలుపు తీసి, పట్టకారుతో కత్తిని పట్టుకుని, మూడు లెక్కపెట్టేలోగా నూనెలో ముంచాలి. చెప్పుకుంటే ఇంతే, అన్నం వార్చడం కన్నా సులువు. కాకపోతే నిన్నంతా చల్లటి పొయ్యితో పదిసార్లు చేసి చూసుకున్నాను, ఒక్కసారి కూడా ఐదు కన్నా తక్కువలో కాలేదు.

లెక్క మూడు దాటితే లాభం లేదని చెప్పింది మైక్రాన్ గారు. అది ఆయన పేరు కాదు, మా ఆయన పెట్టింది. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే టూల్ రూములో ఇరవై ఆరేళ్ళు పక్కపక్కన పనిచేశారు, ఈయన లేతు మీద, మా ఆయన ఫిట్టరు బల్ల దగ్గర. టీలో పంచదార వేసినా కూడా ఈయన చెంచా ఎత్తి వెలుగులో చూసి కొలుస్తారు, అందుకని మైక్రాన్. ఆ పేరుతో ఎంత అలవాటైపోయిందంటే ఆయన భార్య కూడా ఒకసారి ఫోనులో, "మైక్రాన్ గారు ఇంట్లో లేరండీ," అనేసి నాలిక కరుచుకుంది. నిన్న వచ్చి, కత్తిని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి, "సన్నటి రేకు చెల్లెమ్మా. బయటికొచ్చి గాలి తగిలితే చాలు, చల్లారిపోతుంది. చల్లారాక నువ్వు నూనెలో ముంచినా, పాలల్లో ముంచినా అది ఉత్త ఇనుమే," అన్నారు. నూనెలో వంకరగా దిగితే పగులుతుందట. పగిలితే టిక్కుమని చిన్న చప్పుడు వస్తుందట, అంతకన్నా పెద్దగా ఏం వినబడదట. "నాకిచ్చెయ్యరాదూ, మా ఫర్నేసులో పెట్టి రేపు పొద్దున్నే తెచ్చిస్తాను," అన్నారు. వద్దన్నాను. ఈ కత్తి ఈ పొయ్యిలోనే కాలాలి అన్నాను. ఆయన, "వాడూ ఇంతే, నువ్వూ ఇంతే, ఇద్దర్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నారు," అని గొణుక్కుని, స్టూలు లాగి పొయ్యికి కుడిపక్కన వేసి, దాని మీద నూనె డబ్బా పెట్టి, నాకు పని నేర్పారు. కుడిచేత్తో పట్టకారు, ఎడంచేత్తో తలుపు. తలుపు గడియ ఎడమ అంచున ఉంది, బందులు కుడి అంచున ఉన్నాయి, ఎడంచేత్తో గడియ లాగితే ఆ తలుపు తిన్నగా వచ్చి పట్టకారున్న నా కుడిచేతికే అడ్డం పడుతోంది. దాన్ని తప్పించుకుని, చెయ్యి వంచి, లోపల పెట్టి, కత్తి పట్టుకుని, మళ్ళీ తలుపు చుట్టూ తిప్పి డబ్బాలోకి తెచ్చేసరికి ఐదు. ఒకసారి ఆరున్నర. మైక్రాన్ గారు చేసినా నాలుగు. "ఈ తలుపు చెల్లెమ్మా, ఈ తలుపే," అని, ఇంకేదో అనబోయి ఊరుకున్నారు. ఏమనబోయారో నాకు తెలుసు.

రెండు వందల నలభై. వెచ్చటి మట్టి వాసన మొదలైంది. ఇటుకల్లో మిగిలిన చెమ్మ పోతోంది కాబోలు.

నా ఎడం చెయ్యి ఒళ్ళో ఉంది. బొటనవేలి పక్కన ఆ పాత మచ్చ. పుస్తకాలు బైండు చేస్తాను నేను, ముప్పై ఏళ్ళుగా ఇదే పని. అట్టకి తోలు తొడిగేటప్పుడు అంచులు మడత పడే చోట తోలును పలచగా చెక్కాలి, ఉల్లిపొర అంత పలచగా, లేకపోతే మూలలు ఉబ్బుతాయి. ఆ చెక్కే కత్తికి ఒకవైపే వాలు ఉంటుంది, రెండోవైపు చదును. దుకాణాల్లో దొరికేవన్నీ కుడిచేతి వాళ్ళవి. నాది పుర్రచెయ్యి. బళ్ళో పంతులమ్మ నా చేతిలోంచి పెన్సిలు లాగి కుడిచేతిలో పెట్టేది, ఇంట్లో అమ్మ చెంచా లాగి కుడిచేతిలో పెట్టేది, అలా లాగి లాగి, ఎవరైనా కొత్త పని నేర్పుతున్నారంటే ఈ చెయ్యి దానంతటదే వీపు వెనక్కి వెళ్ళి దాక్కోవడం నేర్చుకుంది. ఒక్కదాన్నీ ఉన్నప్పుడే బయటికొస్తుంది. తోలు మాత్రం ఎడంచేత్తోనే చెక్కుతాను, కుడిచేతి కత్తిని తిరగేసి పట్టుకుని, మణికట్టు మెలితిప్పి. ఏడాదికి రెండుసార్లైనా తెగేది. మా ఆయన కట్టు కడుతూ, "పుర్రమ్మా, నీకు సరిపడే కత్తి లోకంలో లేదు, నేనే చేసి పెట్టాలి," అనేవారు. ముప్పై ఏళ్ళూ అన్నారు. నేను కూడా, "ఆ చేస్తారు, చేస్తారు, నా తల నెరిశాక," అనేదాన్ని. ఆయనకో జబ్బు ఉంది, ఊపిరితిత్తుల జబ్బు కాదు, అంతకు ముందు నుంచీ ఉన్నది: ఏదైనా చేస్తే చెప్పరు. నా పనిబల్ల మీద దీపం ఎప్పుడూ ఎడంపక్కనే ఉండేది, నా చెయ్యి నీడ నా గీత మీదే పడేది, అది నా ఖర్మ అనుకునేదాన్ని. ఒకరోజు చూస్తే దీపం కుడిపక్కన ఉంది. ఎప్పుడు మార్చారండీ అంటే, "మూడు నెలలైంది, ఎప్పుడు చూస్తావా అని చూస్తున్నా," అన్నారు. మూడు నెలలు నేను నీడ లేకుండా పనిచేసి, నా కళ్ళు బాగుపడ్డాయనుకున్నాను. ఎంత నవ్వారో ఆ రోజు.

మూడు వందల పది. పొయ్యి పక్కనున్న కరెంటు పెట్టెలోంచి టిక్, కాసేపాగి టిక్. ఉలిక్కిపడ్డాను, కత్తేనేమో అని. కత్తి కాదు, లోపల స్విచ్చు కరెంటు వదులుతూ పట్టుకుంటూ ఉంది. ఆయన ఛాతీలో కూడా చివరి రోజుల్లో ఇలాగే ఏదో పట్టుకుంటూ వదులుతూ ఉండేది. పక్కన పడుకుని వింటూ ఉండేదాన్ని. పెరట్లో ఆయన బొగ్గుల కొలిమి ఉండేది, ఆదివారమైతే చాలు తిత్తి ముందు కూర్చునేవారు, ఆ పొగ, ఫ్యాక్టరీ పొగ, అన్నీ కలిసి లోపల మసి పట్టించాయి. డాక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు, ఇకమీదట పొగ దగ్గరికి పోవద్దని. ఇంటికొచ్చి కొలిమి రాళ్ళు ఒక్కొక్కటే తీసి గోడ పక్కన పేర్చారు. భోజనం దగ్గర కూర్చుని, రెండు ముద్దలు తిని, "పొగ వద్దన్నాడు గానీ వేడి వద్దనలేదు కదా," అన్నారు. అప్పుడు మొదలైంది ఇది. నీళ్ళలో వేస్తే తేలేంత తేలిక ఇటుకలు తెప్పించారు, రంపంతో కోస్తే రస్కులా రాలిపోయేవి, ఆ పొడి ఎగరకుండా నేను తడిగుడ్డ పట్టుకుని పక్కనే నిలబడేదాన్ని, ముక్కుకి గుడ్డ కట్టుకోండి అని అరుస్తూ. ఇటుకల్లో గాడులు తీశారు. ఆ గాడుల్లో కూర్చుని వేడినిచ్చే తీగ చుట్టింది మైక్రాన్ గారి లేతు మీద. చుట్టిన తీగను సాగదీయాలి, అన్ని చుట్లూ సమానంగా విడేలా. వసారాలో ఆ చివర ఆయన, ఈ చివర నేను, దుప్పటి మడతపెట్టేటప్పుడు నిలబడతామే అలా ఎదురెదురుగా, ఆయన "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆ ఆగు" అంటుంటే నేను ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ. ఎంత దూరం జరిగినా మా మధ్య ఆ తీగ ఉంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది, ఇప్పుడు ఆ అడుగులు ముందుకు వెయ్యాలనిపిస్తోంది.

ఇనుము అరగదీసే పాత ఉక్కు ఆకురాయి ఒకటి తీసుకుని, దాన్ని మెత్తబరిచి, ఇంకో ఆకురాయితో రాకి, కత్తి తీర్చారు. వాలు ఈసారి నా వైపు ఉంది. నా అరచెయ్యి కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీసుకుని ఆ కొలతకి పిడి భాగం చేశారు. చేతికిస్తే ముప్పై ఏళ్ళకి మొదటిసారి మణికట్టు తిన్నగా ఉంది. ఏడుపొచ్చి, "అబ్బ, ఎంత వాడిగా ఉందో," అన్నాను. "వాడిగా ఉంటే ఏం లాభం, పదును లేదు," అన్నారు. రెండూ ఒకటే కదా అన్నాను. అందరూ ఒకటే అనుకుంటారట. వాడి అంటే అంచుది, రాయి మీద ఎవరైనా తేగలరు, నాలుగు కోతలకి పోతుంది. పదును అంటే లోపలిది, అది నిప్పులోంచి నూనెలోకి దిగేటప్పుడు ఒక్కసారే వస్తుంది, వస్తే ఉంటుంది. "వాన పడ్డాక నేల పదును మీదుంది అంటారు చూడు, పైన తడి కాదు, లోపల తడి. అదన్నమాట," అన్నారు. నాలుగు నెలల నుంచీ ఈ కత్తి నా బల్ల సొరుగులో మెత్తగా పడి ఉంది. గోరుతో నొక్కితే వంగదు గానీ తోలు మీద పెడితే నాలుగు అంగుళాలకే అంచు మడత పడుతుంది. ఆయన ఆకురాయి గీతలు దాని మీద ఇంకా ఉన్నాయి, సన్నగా, వాలుగా. నిప్పులో పెడితే పైన పొలుసు కట్టి అవి పోతాయని మైక్రాన్ గారు చెప్పారు. సొరుగులోనే ఉంచేసుకుంటే ఆ గీతలు ఉంటాయి. రాత్రి వాటి మీద వేలు రాసి చూసుకుని, పొద్దున మళ్ళీ చూసుకుని, చివరికి తీసుకెళ్ళి ఇటుకల మధ్య పెట్టాను. ఆయన దాన్ని చూసుకుని ఏడవడానికి చెయ్యలేదు, కొయ్యడానికి చేశారు.

నాలుగు వందల తొంభై. పొయ్యి పక్కన కూర్చుంటే మోకాళ్ళకి వేడి తగులుతోంది. ఎండ బల్ల దిగి నేల మీదికి వచ్చింది.

తలుపు. ఆ తలుపు బిగించిన రోజు మైక్రాన్ గారు వచ్చి చూసి పగలబడి నవ్వారు. "ఒరేయ్, ఇన్నేళ్ళ సర్వీసు గంగలో కలిపావు కదరా! ఫర్నేసు తలుపు అటు తెరుచుకుంటుందా ఎక్కడైనా? పట్టకారు ఎక్కడ పెడతావు, నెత్తి మీదా?" మా ఆయన పానా తుడుచుకుంటూ, "అటే తెరుచుకోవాలి," అన్నారు. అంతే. వాదించలేదు. ఎప్పుడూ వాదించే మనిషి. మైక్రాన్ గారి నవ్వు ఆగిపోయింది. నేనూ మైక్రాన్ గారూ ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ఎందుకంటే అంతకు ముందు వారమే డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, ఒంట్లో గాలి సరిపోక మెదడు తికమక పడొచ్చు, మాటలు తారుమారు కావచ్చు, భయపడకండి, గమనిస్తూ ఉండండి అని. గమనించడం మొదలుపెట్టాను. అది నేను బాగా చెయ్యగలిగిన పని. కళ్ళద్దాలు పనిముట్ల పెట్టెలో పెట్టుకుని ఇల్లంతా వెతికారు, ఒకటి. మందు వేసుకున్నానా అని రెండోసారి అడిగారు, రెండు. పొయ్యి చట్రానికి ఎడంపక్కన, పనికిమాలిన చోట, చిన్న ఇనుప అరుగు ఒకటి వెల్డింగు పెట్టించారు, ఇదెందుకండీ అంటే "ఉండనీ, పనికొస్తుంది" అన్నారు, మూడు. నేను దాని మీద నా టీ గ్లాసు పెట్టుకునేదాన్ని. తలుపు, నాలుగు. అప్పట్నుంచీ ఆయన ఏం చేసినా వెనకాలే వెళ్ళి సరిచూసేదాన్ని, కుళాయి కట్టారా, తాళం వేశారా. ఆయన చెప్పింది విని తలూపి, నాకు తోచింది చేసేదాన్ని. ఆయనకి తెలియకుండా చేస్తున్నాననుకునేదాన్ని. చెయ్యి పట్టుకుని నడిపించడం వేరు, బతికుండగానే మాట కొట్టెయ్యడం వేరు. నేను రెండోది చేశాను.

ఆరు వందలు దాటింది. తలుపు సందులోంచి సన్నగా ఎర్రటి గీత కనబడుతోంది. ఇదే చూడాలని ఉండేది ఆయనకి. "మొదటిసారి ఎరుపెక్కినప్పుడు దీపాలన్నీ ఆర్పేసి చూద్దాం," అనేవారు. ఇటుక, తీగ, చట్రం, పెట్టె అన్నీ అయిపోయాయి, మిగిలింది మీటరుకి నాలుక తగిలించడం. నాలుక అని ఆయనే అనేవారు, పొయ్యి వెనక నుంచి లోపలికి పెట్టే సన్నటి కడ్డీ, వేడి ఎంతుందో రుచి చూసి మీటరుకి చెప్పేది. దానికి రెండు తీగలు, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. అప్పటికి ఆయన వేళ్ళు వణుకుతున్నాయి, అంత చిన్న మరలు తిప్పలేరు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చుని నాకు చెప్పారు. "పసుపు ప్లస్‌కి పెట్టు. ఎర్ర తీగ మైనస్‌కి. మరిచిపోయేవు, ఇది మామూలు తీగ కాదు, ఇందులో ఎరుపు మైనస్." నేను, "సరేనండీ," అన్నాను. ఎరుపంటే ప్లస్ అని బళ్ళో పిల్లలకి కూడా తెలుసు. బ్యాటరీ మీద ఎరుపు ప్లస్, రేడియోలో ఎరుపు ప్లస్, ఎక్కడైనా ఎరుపు ప్లస్సే. ఐదు అని లెక్కపెట్టుకున్నాను మనసులో. ఆయనకి నా వీపు మాత్రమే కనిపించేలా వంగి, ఎర్ర తీగను ప్లస్‌కి బిగించాను. పైగా ఆ క్షణంలో నా మీద నాకు ఎంత ముచ్చటేసిందో. ఆయన తప్పును ఆయన మనసు నొప్పించకుండా దిద్దేశాను కదా అని. ఇప్పుడు తల్చుకుంటే ఆ ముచ్చటే అన్నిటికన్నా ఎక్కువ కాలుస్తుంది.

స్విచ్చు వేశాం. ముప్పై ఒకటి ఉంది. ముప్పై అయింది. ఇరవై ఎనిమిది. ఇరవై. పొయ్యి లోపల వేడెక్కుతున్న వాసన వస్తోంది, అంకె మాత్రం కిందికి జారిపోతోంది, పదకొండు, రెండు, సున్నా, ఆ తరవాత సున్నాకి కింద ఇంకా ఏవో అంకెలు. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. "పుర్రమ్మా, కొలిమి చేద్దామనుకుంటే ఐసు పెట్టె తయారైంది!" అన్నారు. నేను గబుక్కున స్విచ్చు తీసేశాను. ఆయన మీటరు వెనక్కి చూశారు. తరవాత నన్ను చూశారు. ఏదో చెప్పడానికి నోరు తెరిచారు. నేనే ముందు, "మీటరు పాడైనట్టుందండీ, బాగు చెయ్యడానికి ఇద్దాం," అన్నాను. ఈలోగా దగ్గు వచ్చింది. ఎంతసేపటికీ తగ్గలేదు. తగ్గాక దిండుకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, "రేపు చెప్తాలే," అన్నారు. మర్నాడు పొద్దున ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూతికి మాస్కు పెట్టారు. మాట్లాడనివ్వలేదు. రెండో రోజు నా చెయ్యి తట్టి, తన చూపుడువేలూ నడివేలూ నా కళ్ళ ముందు పెట్టి, ఒకదాని మీదికి ఒకటి మార్చారు. మళ్ళీ మార్చారు. అటుది ఇటు, ఇటుది అటు. నాకర్థం కాలేదు. అర్థం కాలేదు అనడం కూడా సరికాదు, అర్థం ఉంటుందనే అనుకోలేదు. నర్సుతో, "తికమక పడుతున్నారమ్మా," అన్నాను, ఆయనకి వినబడేటట్టే. దాహమేమోనని మాస్కు కాస్త ఎత్తి నీళ్ళు పట్టించాను. ఆయన నన్ను చూస్తూ రెండు గుక్కలు తాగారు. వేళ్ళు దుప్పటి కింద పెట్టేసుకున్నారు. అయిదో రోజు పోయారు.

ఏడు వందల ఇరవై. కన్నీళ్ళు తుడుచుకోవాలంటే ఇందాకే తొడుక్కున్న ఈ తోలు గ్లవుజులు తియ్యాలి. తియ్యను, కారనీ.

రెండు నెలల తరవాత మీటరును పట్టుకెళ్ళి బాగు చేసే అతనికి ఇచ్చాను. ఇల్లు సర్దుతుంటే కనబడింది, అలా పారెయ్యడానికి మనసొప్పలేదు. అతను అక్కడికక్కడే తన దగ్గరున్న నాలుక తగిలించి, అగ్గిపుల్ల గీసి దాని కింద పెట్టాడు. అంకె చకచకా పైకి పోయింది. "మీటరు బంగారంలా ఉందండీ. మీరు తీగలు ఎలా పెట్టారు?" అన్నాడు. ఎర్రది ప్లస్‌కి అన్నాను. నవ్వాడు, వెక్కిరింపుగా కాదు. "అందరూ చేసే పొరపాటేనమ్మా. ఈ తీగల్లో ఎరుపు మైనస్. తెలిసినవాళ్ళు చెప్తే తప్ప తెలీదు. ఏం లేదు, ఇలా మార్చేస్తే సరి," అని చూపుడువేలూ నడివేలూ నా కళ్ళ ముందు పెట్టి, ఒకదాని మీదికి ఒకటి మార్చి చూపించాడు. ఆ దుకాణంలో ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంది. దాని మీద కూర్చుండిపోయాను. మంచినీళ్ళు కావాలా అమ్మా అని అడిగాడు. నీళ్ళు అనే మాట వినలేకపోయాను.

అయినా ఒక్క సమాధానం చెప్పుకుంటూ వచ్చాను ఈ రెండు నెలలూ. తీగ విషయంలో ఆయన మాట సరైనదే, ఒప్పుకున్నాను. కానీ తికమక మాత్రం నిజంగానే ఉంది కదా, తలుపు అలా బిగించిన మనిషి మాట నేను నమ్మకపోవడంలో మరీ అంత పాపం లేదు కదా. పానా పట్టుకుని పుట్టినట్టుండే మనిషి తలుపు తప్పువైపు పెట్టారంటే ఎవరైనా ఏమనుకుంటారు. మైక్రాన్ గారు కూడా అదే అనుకున్నారు కదా. ఆ తలుపును చూసినప్పుడల్లా కోపమూ వస్తుంది, ప్రాణమూ కుదుటపడుతుంది. ఆ తలుపు ఒక్కటే నా వైపు సాక్ష్యం.

ఎనిమిది వందలు. ఎనిమిది వందలు చేరింది. మీటరు కింద పచ్చదీపం వెలిగింది. ఇక పది నిమిషాలు. చేతులు కడుక్కుందామనిపించింది, ఎందుకో తెలియదు. బల్ల చివర ఆయన నోటు పుస్తకం పెట్టాను, నూనె మరకలతో, వెన్ను విరిగి, కాగితాలు సగం బయటికొచ్చి. ఫ్యాక్టరీ లెక్కలు, బొమ్మలు, మధ్యమధ్య నాకు తేవలసిన జిగురు పేరు. "ఊరందరి పుస్తకాలూ కుడతావు, నాది తప్ప," అని ఎన్నేళ్ళు దెప్పారో. మీ కత్తి రానివ్వండి, దాంతోనే మీ పుస్తకానికి తోలు చెక్కుతాను అని నేను పంతం పట్టాను. ఆ పంతం అలాగే ఉండిపోయింది. ఇది పగిలితే ఇంకో కత్తి లేదు. ఆయన చేత్తో రాకిన ఉక్కు ముక్క ఇంకొకటి ఎక్కడా లేదు. ఇది ఐదు లెక్కకి నూనెలో పడితే ఉత్త ఇనుము, ఆ పుస్తకం కట్టని పుస్తకం, ఆ పది నిమిషాలూ ఈ గంటా ఆయన రెండేళ్ళ దగ్గూ అన్నీ ఉత్తివి. కుడిచేత్తో పట్టకారు, ఎడంచేత్తో తలుపు, మోచెయ్యి వంచాలి, తలుపు చుట్టూ తిప్పాలి, డబ్బా కుడిపక్క స్టూలు మీద. కుడిచేత్తో పట్టకారు, ఎడంచేత్తో తలుపు. లేచి నిలబడ్డాను. స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరిపితే నాలుగవుతుందేమో అని కాలితో తొయ్యబోయాను. దాని కాలు విరిగినట్టు ఊగింది, నూనె తొణికింది. డబ్బాను గబుక్కున ఎత్తి, ఎక్కడ పెట్టాలో తోచక, టీ గ్లాసు తీసేసి ఆ ఎడంపక్క అరుగు మీద పెట్టాను. దబ్బున కూర్చుంది. అరుగు అంచుకీ డబ్బా అడుగుకీ గోరంత కూడా తేడా లేదు.

దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఏదో తోచబోతోంది, తోచేలోగా గడియారంలో పెట్టుకున్న గంట మోగింది. పది నిమిషాలు. స్విచ్చు కట్టేశాను. ఆలోచించలేదు. నిన్న నేర్చుకున్నదంతా ఎటు పోయిందో, ఒంటరిగా ఉన్నప్పుడు నా చేతులు ఏం చేస్తాయో అదే చేశాయి. పట్టకారు ఎడంచేతిలో ఉంది. కుడిచెయ్యి గడియ లాగింది. తలుపు కుడిపక్కకి, గోడ వైపుకి, దానంతటదే తప్పుకుంది, దాని వేడి కూడా నా మీదికి రాకుండా గోడ మీదికే పోయింది. నా ముందు ఏ అడ్డమూ లేదు. ఎర్రటి గూడు, అందులో ఎర్రటి కత్తి, తిన్నగా నా ఎడంచేతికి ఎదురుగా. ఒకటి. పట్టుకున్నాను, బయటికి తీశాను, చెయ్యి వంచక్కర్లేకుండా, తిప్పక్కర్లేకుండా, అదే ఊపులో కిందికి, అరుగు మీదికి, నిలువుగా నూనెలోకి. రెండు అనబోతూ ఉన్నాను, అప్పటికే నూనె బుసకొట్టి ఊరుకుంది.

విన్నాను. ఊపిరి బిగబట్టి విన్నాను. టిక్కుమనలేదు. పట్టకారును అలాగే పట్టుకుని, మెల్లగా కిందికీ పైకీ ఆడిస్తూ, తెరిచి ఉన్న ఆ తలుపును చూస్తూ ఉండిపోయాను. పట్టకారు నెత్తి మీద పెడతావా అని అడిగారు మైక్రాన్ గారు. అటే తెరుచుకోవాలి అన్నారు ఈయన. ఇదెందుకండీ అని అడిగాను అరుగు గురించి. ఉండనీ, పనికొస్తుంది అన్నారు. తను ఈ తలుపు తెరవననీ, తెరిచేది పుర్రచేతి నేనేననీ ఆయనకి అప్పుడే తెలుసు. ఎప్పుడు చూస్తావా అని చూస్తూ ఉన్నారు. ఆయన ఏదీ మరిచిపోలేదు, ఏదీ తారుమారు చెయ్యలేదు, చివరి రోజు వరకూ ఆ తల అద్దంలా ఉంది. ఆ తలతోనే వేళ్ళు మార్చి చూపించారు, ఆ తలతోనే నేను నర్సుతో అన్న మాట విన్నారు, విని నేను పట్టిన నీళ్ళు తాగారు.

కత్తిని బయటికి తీసి నూనె తుడిచాను. నల్లగా ఉంది, గీతలు పోయాయి. ఆయన పెట్టెలోంచి ఆకురాయి తీసి కత్తి మూల మీద పెట్టి లాగాను. గాజు మీద జారినట్టు జారిపోయింది, ఒక్క రజను కూడా రాలలేదు. ఇంకోసారి లాగాను. జారింది. ఆకురాయికి లొంగడం లేదంటే పదును వచ్చింది. నేల మీద కూర్చున్నాను, పొయ్యి ఎదురుగా, తలుపు అలాగే తెరిచి ఉంచి. లోపలి ఎరుపు మెల్లగా తగ్గుతోంది. గదిలో దీపాలు ఎలాగూ వెయ్యలేదు. మీటరు మీద అంకె దిగుతోంది, ఏడు వందలు, ఆరు వందల ఎనభై, ఇప్పుడు దిగడమే సరైనది. ఆయన కుర్చీ వేసుకున్న గుమ్మం నా వెనకే ఉంది. తల తిప్పలేదు.

"ఎర్ర తీగ మైనస్సేనండీ," అన్నాను.